షూట్‌కి ముందు సినిమాటోగ్రాఫర్ పని: ఎక్విప్‌మెంట్ లిస్ట్ ఆఖర్న రాయండి

సినిమా ఓకే అయిన మర్నాడే ప్రొడక్షన్ నుంచి ఫోన్ వస్తుంది. "సార్, కెమెరా ఏది, లెన్సులు ఏవి, లిస్ట్ పంపిస్తే కొటేషన్ తెప్పిస్తాం" అంటారు. అప్పటికి మీరు స్క్రిప్ట్ పూర్తిగా చదివి కూడా ఉండరు. మొహమాటానికి పోయి ఆ పూటే లిస్ట్ పంపేశారంటే, ఆ తర్వాత చేసే ప్లానింగ్ అంతా ఆ సామానుకి పని వెతకడంతోనే సరిపోతుంది. బడ్జెట్ వేసుకోవడానికి వాళ్లకి ఒక అంకె కావాలి, అది న్యాయమే. ఉజ్జాయింపుగా ఒకటి చెప్పండి, కానీ టెక్నికల్ రెక్కీ (టీమ్‌తో వెళ్లి లొకేషన్ చూసి రావడం) అయ్యాకే ఫైనల్ లిస్ట్ ఇస్తానని మెయిల్‌లో రాసి పెట్టండి. నోటిమాటగా వదిలేస్తే ఆ ఉజ్జాయింపే ఖాయమైపోతుంది.

నా లెక్కలో ప్రీ ప్రొడక్షన్‌లో సినిమాటోగ్రాఫర్‌కి అసలు పనులు రెండే. ఏ సీన్‌కి వెలుతురు ఎక్కడి నుంచి రావాలో తేల్చుకోవడం ఒకటి, ఆ వెలుతురు దొరికే టైమ్‌కి షెడ్యూల్‌లో చోటు సంపాదించడం రెండోది. ఈ రెండూ తేలితే కెమెరా, లెన్సులు, లైట్లు ఏం కావాలో వాటంతట అవే తెలుస్తాయి.

స్క్రిప్ట్

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదవండి. ప్రేక్షకుడిగా మీకు ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ గొంతు పట్టేసింది అన్నది ఆ ఒక్కసారే తెలుస్తుంది, తర్వాత ఎన్నిసార్లు చదివినా అది రాదు. రెండోసారి పెన్ను తీయండి. ప్రతి సీన్ పక్కన లోపలా బయటా, పగలా రాత్రా, వెలుతురు దేని నుంచి వస్తోంది (కిటికీ, వీధిలైటు, ఫోన్ స్క్రీన్, ఏదో ఒకటి), ఈ సీన్‌ని మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాం అని రాసుకోండి. అద్దాలు, వాన, నడుస్తున్న కారు, టీవీ స్క్రీన్, చిన్నపిల్లలు, జంతువులు కనిపిస్తే ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టండి. ఇవి పేజీలో ఒక్క లైనే ఉంటాయి, సెట్‌లో మాత్రం సగం పూట మింగేస్తాయి.

"సాయంత్రం" అన్న మాట దగ్గర ప్రత్యేకంగా ఆగండి. రైటర్‌కి అది రాయడానికి ఒక్క సెకను. సూర్యుడు కిందికి దిగాక వచ్చే ఆ బంగారు రంగు ఎండ చాలాచోట్ల గంటకి అటూ ఇటూగా ఉంటుంది, సూర్యాస్తమయం తర్వాత వచ్చే నీలం వెలుతురు ఇరవై ముప్పై నిమిషాలే. రెండు పేజీల డైలాగ్ సీన్ అందులో పట్టదు. స్క్రిప్ట్‌లో అలాంటివి ఆరు ఉన్నాయంటే షెడ్యూల్‌లో ఆరు సాయంత్రాలు పోయినట్టే. డైరెక్టర్‌ని అడగండి: ఇది నిజంగా సాయంత్రమే కావాలా, లేక రాత్రి అయినా నడుస్తుందా? చాలాసార్లు రెండు మూడు సీన్లు అక్కడికక్కడే రాత్రికో మధ్యాహ్నానికో మారిపోతాయి. మారనివి ఏవో అవే మీరు కొట్లాడి కాపాడుకోవాల్సినవి.

డైరెక్టర్‌తో కూర్చున్నప్పుడు

రిఫరెన్స్ ఫొటోలతో మొదలుపెట్టకండి. సీన్ దేని గురించో మాట్లాడుకోవడం అయ్యాక ఫొటోలు తీయండి. ఆయన ఒక స్టిల్ చూపించి "ఇలా కావాలి" అన్నప్పుడు వెంటనే సరే అనకుండా అందులో ఏం నచ్చిందో అడగండి. రంగా, నీడలా, ఫ్రేమ్‌లో మనిషి పక్కన వదిలిన ఖాళీనా? తరచి అడిగితే సగం సందర్భాల్లో ఆయనకి నచ్చింది లైటింగ్ కాదు, వెనక గోడకి వేసిన ముదురు రంగు అని తేలుతుంది. అప్పుడు ఆ సంభాషణ ఆర్ట్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాలి, అదీ గోడకి పెయింట్ వెయ్యకముందే. తెల్లటి గోడలున్న చిన్న గదిలో మూడ్ తెప్పించడం ఎంత కష్టమో, ఎన్ని నల్లబట్టలు కట్టాలో ఒకసారి చేసినవాళ్లకి తెలుసు. ఏ ల్యాంపులు ఫ్రేమ్‌లో కనిపిస్తాయి, వాటికి డిమ్మర్ పెట్టొచ్చా, కర్టెన్లు పల్చనివా మందంవా అన్నవి కూడా ఆర్ట్ వాళ్లతో అప్పుడే తేల్చుకోండి.

ఆస్పెక్ట్ రేషియో, అంటే ఫ్రేమ్ ఎత్తుకి ఎన్ని రెట్లు వెడల్పు అన్నది, ఆలస్యం చెయ్యొద్దు. 1.85లో వెళ్తారో 2.39లో వెళ్తారో తెలియకుండా లొకేషన్ చూస్తే ఆ చూడటం వృథా. పొడుగాటి మెట్లు, ఎత్తైన సీలింగ్ ఉన్న ఇల్లు వెడల్పు ఫ్రేమ్‌లో సగం పోతుంది.

ఇవన్నీ మాట్లాడాక ఒక్క పేజీలో నాలుగైదు నియమాలు రాసుకోండి. "గొడవ సీన్ దాకా కెమెరా హ్యాండ్‌హెల్డ్ పోదు", "తండ్రి ఒంటరిగా ఉన్న సీన్లలో వైడ్ లెన్స్", ఇలా. రోజూ వంద నిర్ణయాలు తీసుకునే సెట్‌లో అలసిపోయినప్పుడు ఈ పేజీయే పనికొస్తుంది. నియమం తప్పాలనిపిస్తే తప్పండి, తెలిసి తప్పడం వేరు.

రెక్కీ

కనీసం రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి డైరెక్టర్‌తో, కథకి ఈ చోటు సరిపోతుందా అని చూడటానికి. రెండోసారి టెక్నికల్ రెక్కీ: గాఫర్ (లైట్ల టీమ్ హెడ్), కో డైరెక్టర్, ఆర్ట్, సౌండ్ వాళ్లందరూ రావాలి. గాఫర్ లేకుండా చేసింది రెక్కీ కాదు, విహారయాత్ర.

సీన్ ఏ టైమ్‌కి తీస్తారో ఆ టైమ్‌కే వెళ్లండి. కుదరకపోతే సన్ సీకర్ లాంటి యాప్‌లో షూట్ తేదీ పెట్టి చూడండి. ఇవాళ్టి తేదీ కాదు, షూట్ తేదీ. రెండు నెలల తేడాలో ఎండ పడే కోణం మారిపోతుంది, ఇవాళ నేరుగా గదిలోకి వచ్చిన ఎండ అప్పటికి పక్క బిల్డింగ్ వెనక్కి పోవచ్చు. ఫోన్ చార్జ్ అయిపోయినా లెక్క వేసుకునే కిటుకు ఒకటుంది. చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. సూర్యుడు గంటకి సుమారు 15 డిగ్రీలు కదులుతాడు, అంటే పిడికిలిన్నర. ఎదురుగా ఉన్న చెట్టుకి సూర్యుడు రెండు పిడికిళ్ల దూరంలో ఉండి అటే వెళ్తున్నాడంటే ఇంకో గంటా ఇరవై నిమిషాల్లో మీ నటుడి మొహం మీద నీడ పడుతుంది.

ఫొటోలు అందరూ తీస్తారు, అవసరమైనవి మాత్రం తీయరు. ప్రతి కిటికీలోంచి బయటికి, సీలింగ్, స్విచ్ బోర్డులు, మెయిన్స్ బాక్స్, లిఫ్ట్ లోపల, వ్యాన్ ఆగే చోటు నుంచి గది దాకా దారి. గది కొలతలు టేప్ పెట్టి తీసుకోండి. ఆర్టెమిస్ లాంటి వ్యూఫైండర్ యాప్‌లో మీ కెమెరా, లెన్స్ సెట్ చేసుకుని చూస్తే, గోడకి వీపు ఆనించి నిలబడినా 35 ఎంఎంలో ఇద్దరూ పడతారా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

కరెంటు సంగతి. వోల్ట్‌లని ఆంప్స్‌తో గుణిస్తే వాట్స్. 230 వోల్ట్‌ల దగ్గర 15 ఆంప్స్ లైన్ అంటే 3450 వాట్స్. అంచు దాకా వాడకుండా అందులో ఎనభై శాతం, అంటే సుమారు 2750తో ఆపండి. హెచ్ఎంఐ లైట్లకి (పగటి ఎండ రంగులో వెలిగే పెద్ద లైట్లు) కరెంటు అందించే బలాస్ట్ పెట్టె, లైట్ మీద రాసిన వాటేజ్ కంటే ఎక్కువే లాగుతుందని మర్చిపోవద్దు. నాలుగు సాకెట్లు కనిపించగానే సంబరపడొద్దు, నాలుగూ ఒకే లైన్ మీద ఉండొచ్చు, దాని మీదే ఫ్రిజ్ కూడా ఉండొచ్చు. జెనరేటర్ వస్తే ఎక్కడ ఆపాలో సౌండ్ రికార్డిస్ట్‌ని అక్కడే నిలబెట్టి అడగండి.

లొకేషన్‌లో ఉన్న లైట్లనే వాడుకోవాలనుకుంటే ఫ్లికర్ (కంటికి కనిపించని మినుకు కెమెరాలో కనిపించడం) చూసుకోవాలి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 24 ఫ్రేమ్‌ల మీద షటర్ యాంగిల్ 172.8 పెడితే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు పడే టైమ్ 1/50 సెకను వస్తుంది, మామూలు ట్యూబ్‌లైట్లతో గొడవ ఉండదు. 60 హెర్ట్జ్ అయితే 144 పెట్టండి, 1/60 అవుతుంది. చవక ఎల్ఈడీలు, షాపుల సైన్ బోర్డులు మాత్రం ఏ లెక్కకీ లొంగవు. వాటిని అదే కెమెరాతో రికార్డ్ చేసి పెద్ద మానిటర్ మీద చూడటం ఒక్కటే దారి.

ఒక సీన్ తీసుకుందాం

తండ్రీ కూతురూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. పడమటి కిటికీ. మూడు పేజీల డైలాగ్. స్క్రిప్ట్‌లో "సాయంత్రపు ఎండ టేబుల్ మీద పడుతోంది" అని ఉంది. యాప్ చూస్తే ఆ తేదీన ఎండ టేబుల్ మీదికి వచ్చేది మూడున్నర నుంచి ఐదున్నర వరకే. మూడు పేజీలు, ఇద్దరు నటులు, కనీసం ఏడెనిమిది సెటప్‌లు (కెమెరా, లైట్లు కొత్తగా అమర్చిన ప్రతిసారీ ఒకటి) అంటే ఆరేడు గంటల పని. కాబట్టి అసలు సూర్యుడిని నమ్ముకుని ఈ సీన్ తీయలేం, కిటికీ బయట మన సూర్యుడు ఒకడు ఉండాలి.

ఆ లైట్ ఎంత దూరంలో పెట్టాలి? తండ్రి కిటికీకి 2 మీటర్ల దూరంలో, కూతురు 4 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. లైట్ కిటికీకి 2 మీటర్లలో పెడితే, లైట్ నుంచి తండ్రి 4 మీటర్లు, కూతురు 6 మీటర్లు. దూరం పెరిగితే వెలుతురు వర్గం లెక్కన తగ్గుతుంది కాబట్టి ఇద్దరి మధ్య తేడా రెండింతల పైన, అంటే ఒక స్టాప్ దాటుతుంది (వెలుతురు రెండింతలైనా సగమైనా ఒక స్టాప్ తేడా). నిజం ఎండలో ఇద్దరి మీదా ఒకేలా పడుతుంది, ఇక్కడ పడట్లేదు, అందుకే చూసేవాళ్లకి అది లైట్ అని తెలిసిపోతుంది. అదే లైట్‌ని కిటికీకి 8 మీటర్ల దూరానికి వెనక్కి తీస్తే దూరాలు 10, 12 అవుతాయి, తేడా అర స్టాప్‌కి పడిపోతుంది. కానీ తండ్రి మీద పడే వెలుతురు ముందటికంటే రెండున్నర స్టాప్‌లకి పైగా తగ్గింది, అంటే దాదాపు ఆరింతలు పెద్ద లైట్ కావాలి. దానికి కరెంటు ఎక్కడిది? కిటికీ బయట 8 మీటర్ల స్థలం ఉందా? ఫ్లాట్ రెండో అంతస్తు అయితే స్కాఫోల్డింగ్ కట్టాలి, దానికి కింద ఖాళీ ఉండాలి, పక్కింటివాళ్ల అనుమతి కావాలి. ఇదంతా రెక్కీ రోజున తెలిస్తే ఖర్చు, షూట్ రోజున తెలిస్తే సీన్ పోయినట్టే.

ఇప్పుడు షాట్‌ల వరుస. కిటికీ కనిపించే షాట్‌లలో బయటి ప్రపంచం కూడా కనిపిస్తుంది. ఉదయం పడమటి వైపు చూస్తే ఎదురు బిల్డింగ్ మీద ఎండ ఫ్లాట్‌గా పడుతూ ఉంటుంది, మధ్యాహ్నం దాటాక అదే బిల్డింగ్ బ్యాక్‌లైట్‌లోకి వెళ్లి మనకి కావలసిన సాయంత్రం అవుతుంది. కాబట్టి కెమెరా గది లోపలివైపు చూసే షాట్‌లన్నీ ఉదయం, లైట్‌తో. కిటికీ వైపు చూసేవి మూడు తర్వాత. అప్పుడు నిజం ఎండ కూడా సాయం వస్తుంది. డైరెక్టర్‌కి ఇక్కడ ఒక అభ్యంతరం రావొచ్చు. కూతురు ఏడ్చే క్లోజప్ లోపలివైపు షాట్ అయితే, సీన్ క్లైమాక్స్‌ని ఉదయం తొమ్మిదింటికే నటించమని అడుగుతున్నట్టు. ఆ అభ్యంతరం సరైనదే. ఉదయం ముందు వైడ్, తర్వాత తండ్రి షాట్‌లు, లంచ్‌కి ముందు కూతురి క్లోజప్ అని సర్దుకోవచ్చు. ఈ బేరం పేపర్ మీద జరగాలి, యాభై మంది ఎదురుగా కాదు.

దీన్నంతా పైనుంచి చూసినట్టు ఒక ఫ్లోర్ ప్లాన్‌గా గీయండి. టేబుల్, మనుషులు, కెమెరా పొజిషన్‌లకి నంబర్లు, లైట్లు, అవి ఏ లైన్ మీద. బొమ్మ బాగా రానక్కర్లేదు. స్టోరీబోర్డ్ అన్ని సీన్లకీ అవసరం లేదని నా అభిప్రాయం. ఫైట్లు, వీఎఫ్ఎక్స్, పిల్లలతో రిస్క్ ఉన్న షాట్‌లకి తప్పనిసరి, ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్‌కి ఫ్లోర్ ప్లాన్ చాలు.

షెడ్యూల్

కో డైరెక్టర్‌తో ఒక పూట కూర్చోండి, టీలు తాగుతూ కాదు, క్యాలెండర్ తెరిచి. పేజీని ఎనిమిది భాగాలు చేసి సీన్ పొడుగు లెక్కేస్తారు. "ఇద్దరూ కొట్టుకుంటారు" అన్న ఒక్క లైను పేజీలో ఎనిమిదో వంతే, తీయడానికి రోజు పట్టొచ్చు. అలాంటివి మీరే చెప్పాలి. షాట్‌ల సంఖ్య కాకుండా సెటప్‌ల సంఖ్య లెక్క పెట్టండి, ముఖ్యంగా కెమెరా పూర్తిగా వెనక్కి తిరిగే చోట్ల. లైట్లన్నీ అటు నుంచి ఇటు మార్చడానికి పట్టే టైమ్‌ని షెడ్యూల్‌లో విడిగా రాయించండి, లేకపోతే అది మీ ఆలస్యం కింద జమ అవుతుంది.

బయట పగటి సీన్లకి వైడ్‌లు ఉదయమో సాయంత్రమో, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు క్లోజప్‌లు, పైన పెద్ద స్కిమ్మర్ (ఎండని మెత్తబరిచే పల్చటి బట్ట) కట్టి. నీలం వెలుతురు షాట్ ఉన్న రోజున ఆ టైమ్‌కి గంట ముందే మిగతా పనులన్నీ ఆగిపోయేలా చూసుకోండి, పొజిషన్లు పెట్టి రిహార్సల్ చేసి ఎదురుచూడాలి తప్ప పరుగెత్తుకుంటూ రాకూడదు. ప్రతి ఔట్‌డోర్ రోజుకీ వానొస్తే తీసుకునే ఇండోర్ సీన్ ఒకటి సిద్ధంగా ఉండాలి. నైట్ షూట్ అయిన మర్నాడు పొద్దున్నే కాల్‌టైమ్ పెడితే ఒప్పుకోవద్దు. లైట్‌మెన్ నిద్ర లేకుండా ఎత్తులెక్కి పనిచేస్తారు, ఇది సరదా విషయం కాదు.

టెస్టులు

అసలు నటులతో, అసలు మేకప్‌తో, అసలు బట్టలతో చేసిందే టెస్ట్. అసిస్టెంట్‌ని కూర్చోబెట్టి చేసేది లెన్స్ చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. సన్నటి గీతల చొక్కా మీద అలలు వస్తున్నాయా, లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు అంచులు ఎలా ఉన్నాయి, తక్కువ వెలుతురులో నాయిస్ మీరు భరించగలిగేంతేనా అని చూడండి. ఐఎస్ఓ అంటే వెలుతురుకి కెమెరా ఎంత సున్నితమో చెప్పే అంకె. కొన్ని కెమెరాలకి రెండు బేస్ ఐఎస్ఓలు ఉంటాయి, సోనీ వెనిస్‌లో 500, 2500. ఏ సీన్ ఏ బేస్ మీద తీస్తారో ఇప్పుడే అనుకుంటే లైట్ల సైజు కూడా దాన్ని బట్టి మారుతుంది.

ఆ ఫుటేజ్‌ని కలరిస్ట్ దగ్గరికి తీసుకెళ్లి ఒక లట్ (ఫుటేజ్ మానిటర్ మీద ఏ రంగుల్లో కనిపించాలో చెప్పే ఫైల్) చేయించుకోండి. పది అక్కర్లేదు, పగలుకి ఒకటి, రాత్రికి కావాలంటే ఇంకొకటి. సెట్‌లో అందరి మానిటర్ల మీదా అదే ఉండాలి, ఎడిటర్‌కీ అదే వెళ్లాలి. నెలల తరబడి వేరే రంగులో చూసి అలవాటుపడ్డాక డైరెక్టర్‌ని డీఐలో (చివర్లో చేసే ఫైనల్ కలర్ పని) ఒప్పించడం మహా కష్టం.

డేటా లెక్క కూడా ఈ టైమ్‌లోనే. ఉదాహరణకి సెకనుకి 400 మెగాబిట్‌ల ఫార్మాట్ అనుకుంటే 50 మెగాబైట్లు, నిమిషానికి 3 జీబీ, గంటకి 180 జీబీ. రోజుకి రెండు గంటల ఫుటేజ్, ఇరవై రోజులు అంటే 7.2 టీబీ. మూడు కాపీలు కావాలి కాబట్టి 21.6. ఈ అంకె ప్రొడక్షన్‌కి ఇప్పుడే ఇస్తే హార్డ్ డిస్కులు టైమ్‌కి వస్తాయి.

ఇప్పుడు లిస్ట్

ప్రతి వస్తువు పక్కన సీన్ నంబర్ రాయండి. సీన్ నంబర్ రాయలేకపోతే ఆ వస్తువు మీకు అవసరం లేదు. ఫిల్టర్ల విషయం ఊహించి రాయకండి, లెక్క వేయండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఎఫ్ 16 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ తెరుచుకునేది తగ్గుతుంది) షటర్ ఐఎస్ఓకి సమానంగా ఉండాలన్నది పాత సూత్రం. ఐఎస్ఓ 800 అయితే 1/800. మనం 24 ఫ్రేమ్‌లకి 1/48లో ఉంటాం, అంటే నాలుగు స్టాప్‌లు ఎక్కువ, ఎఫ్ 64 అవుతుంది. మీకు ఎఫ్ 2.8 కావాలంటే అక్కడి నుంచి తొమ్మిది స్టాప్‌లు తగ్గించాలి. ఒక్కో స్టాప్‌కి 0.3 లెక్కన ఎన్‌డీ (రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే ఫిల్టర్) 2.7. మీ ఎన్‌డీలు 1.8 దాకానే ఉన్నాయంటే ఎండలో 2.8 మర్చిపోవాల్సిందే. స్లో మోషన్ ఉంటే ఇంకో లెక్క: 24 నుంచి 96 ఫ్రేమ్‌లకి వెళ్తే రెండు స్టాప్‌ల వెలుతురు పోతుంది, ఆ సీన్ రాత్రి అయితే లైట్లు నాలుగింతలు.

బడ్జెట్ తగ్గించమని అడుగుతారు, అడగకపోతే ఆశ్చర్యపోవాలి. ఏం వదులుకోవాలో ముందే మనసులో పెట్టుకోండి. ఖరీదైన లెన్స్ సెట్ వదులుకుని ఒక మెట్టు కిందది తీసుకోవచ్చు, ప్రేక్షకుడికి తేడా తెలియదు. ఒక లైట్‌మన్‌ని, ఫోకస్ పుల్లర్‌ని (షాట్‌లో ఫోకస్ తిప్పే అసిస్టెంట్) తగ్గించడానికి మాత్రం ఒప్పుకోవద్దు, ఆ తేడా రోజూ గంటల్లో కనిపిస్తుంది.

సామాను తీసుకునే ముందు చెకింగ్‌కి ఒక రోజు అడగండి, ఫోకస్ పుల్లర్ ఉండాల్సిందే. ప్రతి లెన్స్‌నీ టేప్ పెట్టి కొలిచి ఫోకస్ మార్కులు సరిపోతున్నాయా చూడాలి. సెన్సార్ మీద దుమ్ము ఉందో లేదో తెలియాలంటే లెన్స్ ఎఫ్ 22కి మూసి తెల్లటి గోడని ఫోకస్ లేకుండా తీయండి, చుక్కలు బయటపడతాయి. ప్రతి కార్డ్‌నీ నిండా రికార్డ్ చేసి కాపీ చేసి తిరిగి ప్లే చేయండి. బ్యాటరీలు, కేబుళ్లు, స్పేర్ కేబుళ్లు, సీరియల్ నంబర్ల ఫొటోలు.

షూట్‌కి రెండు రోజుల ముందు మొదటి వారం ఫ్లోర్ ప్లాన్‌లు, షాట్ లిస్ట్, పవర్ లెక్క అన్నీ గాఫర్‌కి, కో డైరెక్టర్‌కి, ఫోకస్ పుల్లర్‌కి పంపి, చదివారో లేదో ఫోన్ చేసి అడగండి. అప్పుడే కో డైరెక్టర్‌తో ఇంకో మాట కూడా అనేయండి: మొదటిరోజు కష్టమైన సీన్ వద్దు. కొత్త టీమ్, ఎవరి వేగం ఎంతో ఎవరికీ తెలియదు. పగటిపూట, ఒకే లొకేషన్‌లో, డైలాగ్ తక్కువున్న సీన్ ఒకటి పెట్టించుకుంటే లంచ్ లోపే లైట్‌మెన్ వేగం మీకు తెలిసిపోతుంది, రెండోరోజు కాల్‌టైమ్ దాన్ని బట్టి మార్చుకోవచ్చు.